పడాల్సిన డబ్బు పడకపోతే

పెట్టుబడి సాయం అంటే దుక్కికి, విత్తనానికి, ఎరువుకు చేతిలో రొక్కం ఆడని రోజుల్లో ప్రభుత్వం రైతు బ్యాంకు ఖాతాలో నేరుగా వేసే డబ్బు. తెలుగు రాష్ట్రాల్లో ఇది ముఖ్యంగా మూడు పేర్లతో వినిపిస్తుంది: కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్, తెలంగాణలో రైతు భరోసా, ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ. డబ్బు విడుదలైన రోజు టీవీలో బటన్ నొక్కడం కనిపిస్తుంది. రచ్చబండ మీద కూర్చున్న ఐదుగురిలో నలుగురి ఫోన్లకు మెసేజ్ వస్తుంది. ఐదో ఆయనకు రాదు. ఆ మర్నాటి నుంచి ఆయన తిరుగుడు మొదలు. బ్యాంకులో అడిగితే వ్యవసాయ శాఖ అంటారు. వ్యవసాయ శాఖలో తహసీల్దారు ఆఫీసు అంటారు. అక్కడ మీసేవకు వెళ్ళమంటారు. మీసేవలో సర్వర్ పనిచేయడం లేదు, రేపు రమ్మంటారు.

ఇలా తిరిగేవాళ్ళలో చాలామంది అర్హులే. డబ్బు ఎక్కడ ఆగిందో తెలియక అన్ని గడపలూ తొక్కుతుంటారు, అంతే. భూమి రికార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా, పథకం జాబితా: ఈ నాలుగు చోట్లా రైతు ఒకే మనిషిగా కనిపించాలి. వీటిలో ఏ రెండింటికి పొంతన కుదరకపోయినా డబ్బు ఆగుతుంది. ఆగిన చోటు కనిపెట్టి ఆ ఒక్క గడపకే వెళ్ళడం ఎలాగన్నదే ఈ అధ్యాయం.

ముందు లెక్క

ఎంత రావాలో తెలియకుండా రాలేదని ఎలా చెప్పడం? ఈ మూడు పథకాల లెక్కలు మూడు రకాలు.

పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలుగా, విడతకు 2,000. ఏప్రిల్ నుంచి జూలై వరకు ఒకటి, ఆగస్టు నుంచి నవంబరు వరకు ఇంకొకటి, డిసెంబరు నుంచి మార్చి వరకు మూడోది. మొదట రెండు హెక్టార్ల లోపు వాళ్ళకే అన్నారు, తర్వాత ఆ పరిమితి తీసేశారు. ఎకరం ఉన్నా పదెకరాలు ఉన్నా ఇచ్చేది అంతే, అదీ కుటుంబానికి ఒక్కరికే. ఇక్కడ కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. భార్యాభర్తలకు విడివిడిగా పాసు పుస్తకాలున్నా ఇద్దరూ తీసుకోకూడదు.

తెలంగాణలో లెక్క ఎకరం మీద నడుస్తుంది. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైనప్పుడు పంటకు ఎకరాకు 4,000 ఇచ్చారు. ఆ మొదటి విడత చెక్కులు ఊళ్ళో చేతికే అందాయి కాబట్టి ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది అక్కడికక్కడే తేలేది. తర్వాత అది 5,000 అయింది, ఖాతాల్లోకి మారింది. 2025 జనవరి 26న రైతు భరోసాగా పేరు మారి ఎకరాకు పంటకు 6,000, ఏడాదికి 12,000 అయింది. ఎకరాకు 40 గుంటలు కాబట్టి పంటకు గుంటకు 150 రూపాయలు. రెండెకరాల ముప్పై గుంటలున్న రైతుకు 16,500 పడాలి. 12,000 మాత్రమే పడితే ముప్పై గుంటలు ఎక్కడో తప్పిపోయినట్టు. ఆ ముప్పై గుంటలు ఏ సర్వే నంబరులో ఉన్నాయో చూస్తే సగం చిక్కు విడిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ కుటుంబం లెక్కే. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలో మొదలైన అన్నదాత సుఖీభవలో ఏడాదికి 20,000 వస్తుంది. అందులో రాష్ట్రానిది 14,000, మిగతా 6,000 పీఎం కిసాన్ డబ్బే. మొదటి రెండు విడతలు ఏడేసి వేలు, అంటే రాష్ట్రం నుంచి 5,000, కేంద్రం నుంచి 2,000. మూడోది ఆరు వేలు. ఈ రెండు వాటాలూ ఖాతాలో రెండు వేర్వేరు జమలుగా పడతాయి. ఈ చిన్న సంగతి ముందు ముందు బాగా పనికొస్తుంది.

అర్హత దగ్గర ఆగిందా?

కొందరికి డబ్బు రాకపోవడానికి కారణం నిబంధనే. అది ముందే తెలిస్తే ఆర్నెల్ల తిరుగుడు తప్పుతుంది. పీఎం కిసాన్ మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, మేయర్లు, జిల్లా పరిషత్ అధ్యక్షులకు రాదు. ప్రభుత్వ ఉద్యోగులకూ, రిటైరైన వాళ్ళకూ రాదు, నాలుగో తరగతి ఉద్యోగులకు మాత్రం మినహాయింపు ఉంది. నెలకు 10,000 లేదా అంతకు మించి రిటైర్మెంటు పెన్షను వచ్చేవాళ్ళకు, ప్రాక్టీసు చేసే డాక్టర్లు, ఇంజినీర్లు, లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లకు రాదు. కిందటి ఏడాది ఆదాయ పన్ను కట్టినవాళ్ళకూ రాదు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. వృద్ధాప్య పెన్షను తీసుకునే ముసలి రైతు, పెన్షను వస్తోంది కాబట్టి ఇది రాదేమోనని అసలు అడగడమే మానేస్తాడు. ఆ నిబంధన ఉద్యోగం చేసి రిటైరైన వాళ్ళ పెన్షను గురించి. ఊళ్ళో నెలనెలా ఇచ్చే సామాజిక పెన్షనుకు దానితో సంబంధం లేదు. రెండోది, కొడుకు ట్రాక్టరు లోను కోసం తండ్రి పేరిట ఆదాయ పన్ను రిటర్న్ వేయించడం. రిటర్న్ వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. నిబంధనలో ఉన్నది పన్ను కట్టినవాళ్ళనే. పన్ను సున్నా అని చూపే రిటర్న్ కాపీ దాచుకుంటే, పేరు తీసేసినప్పుడు చూపడానికి అదే ఆధారం.

ఇంకొక తేదీ కూడా గుర్తుంచుకోవాలి. పీఎం కిసాన్ మార్గదర్శకాల్లో భూమి యాజమాన్యానికి కటాఫ్ 2019 ఫిబ్రవరి 1. ఆ తర్వాత భూమి కొన్నవాళ్ళ దరఖాస్తు తిరస్కరణకు వస్తే కారణం ఇదే కావచ్చు. యజమాని చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికి ఈ అడ్డు లేదు. తెలంగాణలోనైతే సాగుకు పనికొచ్చే భూమికే రైతు భరోసా. ప్లాట్లు వేసిన జాగా, ఇళ్ళు లేచిన జాగా, ప్రాజెక్టులకు తీసుకున్న భూమి పాసు పుస్తకంలో ఇంకా కనిపిస్తున్నా దానికి రాదు.

స్టేటస్ చదవడం

అర్హత ఉండి డబ్బు పడలేదంటే మొదట చేయాల్సింది ఆఫీసుకు వెళ్ళడం కాదు, స్టేటస్ చూడడం. పీఎం కిసాన్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ నంబరు కొడితే రైతు పేజీ తెరుచుకుంటుంది. ఆ నంబరు తెలియకపోతే ఆధార్‌తోనో మొబైల్ నంబరుతోనో అక్కడే తెలుసుకోవచ్చు. నంబరు దొరికాక పాసు పుస్తకం అట్ట లోపలి వైపు పెన్నుతో రాసి పెట్టుకోవాలి. ఏ కౌంటరుకు వెళ్ళినా ముందు అడిగేది అదే.

ఆ పేజీలో మూడు వరుసల పక్కన అవును లేదా కాదు అని ఉంటుంది. భూమి వివరాలు ఎక్కాయా, ఈకేవైసీ (డబ్బు తీసుకునే మనిషి గుర్తింపు రుజువు) అయిందా, బ్యాంకు ఖాతాకు ఆధార్ ముడి పడిందా. మూడింటిలో దేని దగ్గర కాదు అని ఉందో అదే ఆగిన చోటు. మొదటిదైతే వ్యవసాయ శాఖ, రెవెన్యూ. రెండోదైతే ఫోను లేదా సీఎస్‌సీ, అంటే కామన్ సర్వీస్ సెంటర్. మూడోదైతే బ్యాంకు. ఒకరి పని మరొకరి చేతిలో ఉండదు. బ్యాంకు మేనేజరును ఎంత బతిమాలినా భూమి వివరాలు ఆయన ఎక్కించలేడు.

కింద విడతల వివరాలుంటాయి. ఆర్‌ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్ అని కనిపిస్తే రాష్ట్రం ఈ రైతుకు డబ్బు వేయమని సంతకం పెట్టి పంపిందని అర్థం. ఎఫ్‌టీఓ అన్న మాట కనిపిస్తే చెల్లింపు ఆర్డరు తయారైంది. ఈ రెండూ కనిపిస్తుంటే కంగారు పడాల్సింది లేదు, కొద్ది రోజులు ఆగితే సరిపోతుంది. ఎఫ్‌టీఓ అయ్యాక కూడా పడలేదంటేనే బ్యాంకు వైపు చూడాలి.

ఆంధ్రప్రదేశ్ రైతుకు ఇంకో తేలిక దారి ఉంది. బ్యాంకు పుస్తకంలో ఎంట్రీ వేయించి చూడాలి. 5,000 పడి 2,000 పడలేదా? అలాగైతే ఖాతాలో లోపం లేదు, భూమి రికార్డు రాష్ట్రం వరకు సరిపోయింది, చిక్కు పీఎం కిసాన్ ఈకేవైసీ దగ్గరో అర్హత దగ్గరో ఉంది. 2,000 పడి 5,000 పడలేదా? అప్పుడు రైతు సేవా కేంద్రంలో రాష్ట్ర జాబితా చూడాలి. రెండూ పడలేదంటే మొదటి అనుమానం బ్యాంకు మీదే.

బ్యాంకు దగ్గర

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు కాబట్టి కాస్త వివరంగా చూడాలి.

1. ఖాతాకు ఆధార్ ఇవ్వడం వేరు, డబ్బు వచ్చే దారిలో ఆధార్ నిలబడడం వేరు. బ్యాంకులో జిరాక్సు ఇచ్చి కేవైసీ చేయించుకుంటే ఖాతాకు ఆధార్ ఎక్కుతుంది. పీఎం కిసాన్ డబ్బు మాత్రం ఎన్‌పీసీఐ అనే చెల్లింపుల సంస్థ దగ్గరున్న పట్టిక చూసి వెళుతుంది. ఒక ఆధార్‌కు ఆ పట్టికలో ఒకే బ్యాంకు ఉంటుంది. కౌంటరు దగ్గర ‘ఆధార్ లింక్ చేయండి’ అని అడిగితే గుమాస్తా మొదటి పని చేసి పంపేస్తాడు. ‘డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ చేయండి’ అనే అడగాలి. డీబీటీ అంటే ఖాతాలోకి నేరుగా డబ్బు వేయడం, సీడింగ్ అంటే ఆ పట్టికలో ఆధార్‌ను బ్యాంకుకు ముడివేయడం. దానికి వేరే ఫారం ఉంటుంది, సంతకం పెట్టాలి.

2. డబ్బు అసలు రాలేదా, ఇంకో ఖాతాలో పడిందా? ఒక రైతుకు ఊరి బ్యాంకులో పాతికేళ్ళ నాటి ఖాతా ఉంది. మధ్యలో కూలి డబ్బుల కోసమో, పాప స్కాలర్‌షిప్పు కోసమో పోస్టాఫీసులో వేలిముద్ర వేసి ఇంకొక ఖాతా తీశాడు. ఆ రోజు పెట్టించిన సంతకాల్లో సీడింగ్ కాగితం కూడా ఉంది. అప్పటి నుంచి మూడు విడతలు ఆ కొత్త ఖాతాలోకి వెళ్ళాయి. ఆయన మాత్రం పాత పుస్తకం పట్టుకుని రాలేదు రాలేదని తిరుగుతున్నాడు. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వారి మై ఆధార్ సైటులో బ్యాంకు సీడింగ్ స్టేటస్ అని ఒక మీట ఉంది. ఓటీపీ కొడితే ఆధార్ ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో, ఆ ముడి పనిచేస్తోందో లేదో చూపిస్తుంది. ఫిర్యాదు రాసే ముందు ఈ రెండు నిమిషాల పని చేసి తీరాలి.

3. బ్యాంకు పేరు మారిందేమో చూడాలి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వెళ్ళాయి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, గ్రామీణ వికాస్ బ్యాంకులు నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పల్లె ఖాతాలు ఎక్కువగా ఉండేది వీటిలోనే. తెలంగాణలో రైతు భరోసా డబ్బు రైతు రాసిచ్చిన ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ చూసుకుని వస్తుంది. ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర ఏనాడో ఇచ్చిన పాత పుస్తకం జిరాక్సే ఉంటే కొత్త పుస్తకం మొదటి పేజీ ఇచ్చి మార్పించుకోవాలి. బోర్డు మార్చారు కదా, అంతా వాళ్ళే చూసుకుంటారులే అని ఊరుకోకూడదు.

4. ఏళ్ళ తరబడి లావాదేవీ లేని ఖాతా నిద్రలోకి పోతుంది. మళ్ళీ కేవైసీ ఇచ్చి లేపాలి. వంద రూపాయలు వేసి వంద రూపాయలు తీసినా అది లావాదేవీయే.

5. డబ్బు పడింది, కానీ పంట రుణం బాకీ కింద బ్యాంకు పట్టుకుంది. సాయం డబ్బును పాత బాకీకి జమ వేయొద్దని ప్రభుత్వాలు బ్యాంకులకు చెబుతూనే ఉన్నాయి, ఫిర్యాదులు కూడా వస్తూనే ఉన్నాయి. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది. మేనేజరు పేరిట కాగితం రాసి, ఇంకో కాపీ మీద ముద్ర వేయించుకుని, అది తీసుకుని మండల వ్యవసాయాధికారిని కలవాలి. అసలు మొదటి నుంచే రుణం లేని వేరే పొదుపు ఖాతా ఇవ్వడం ఇంకా మంచిది.

వేలిముద్ర, ముఖం, ఓటీపీ

ఈకేవైసీ అంటే ఈ డబ్బు తీసుకునే మనిషి బతికే ఉన్నాడు, ఆధార్ ఈయనదే అని రుజువు చేయడం. ఆధార్‌కు ఫోన్ నంబరు ఉంటే ఓటీపీతో ఇంట్లోనే అవుతుంది. ఆ నంబరు పాత సిమ్ముదై, సిమ్ము ఎప్పుడో పోయి ఉంటే ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకోవాలి, లేదా సీఎస్‌సీలో వేలిముద్ర వేయాలి.

వేలిముద్ర దగ్గర ఇంకో కష్టం. నలభై ఏళ్ళు కలుపు తీసి, మోపులు మోసి, నాగలి మేడి పట్టిన చేతికి గీతలెక్కడ మిగులుతాయి? మిషను మీద పది వేళ్ళూ పెట్టినా ఎర్ర లైటే వెలుగుతుంది. చేయి కడుక్కుని, తుడుచుకుని, బొటనవేలు బదులు చూపుడు వేలో ఉంగరపు వేలో పెట్టి చూడాలి. అప్పటికీ పడకపోతే 2023 జూన్ నుంచి ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది. పీఎం కిసాన్ యాప్‌లో కెమెరా ముందు కూర్చుంటే చాలు. తన ఈకేవైసీ పూర్తయిన రైతు అదే ఫోనుతో ఇంకో వంద మందికి చేసిపెట్టే వీలు ఆ యాప్‌లో ఉంది. వీధిలో చదువుకున్న కుర్రాడు ఒకడుంటే ఆ వాడ మొత్తం పని ఒక సాయంత్రంలో తెములుతుంది.

ఈకేవైసీ ఆలస్యమైతే ఆ విడతలు పోయినట్టేనా? పోవు. తప్పనిసరి పనులు పూర్తి చేశాక అర్హత ఉన్న పాత విడతలు కూడా కలిపి ఇస్తామని కేంద్రం చెప్పింది. ఇక ఎందుకులే అని వదిలేయకూడదు.

పేరు కుదరకపోతే

భూమి రికార్డులో కొత్తపల్లి వెంకటేశ్వరరావు. ఆధార్‌లో వెంకటేశ్వర్లు కొత్తపల్లి. బ్యాంకులో కె. వెంకట్. ఊళ్ళో అందరికీ ఒక్కడే మనిషి. కంప్యూటరుకు ముగ్గురు.

ఆడవాళ్ళకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరానికి పాసు పుస్తకం పుట్టింటి ఇంటిపేరు మీద ఉంటుంది, ఆధార్ అత్తింటి ఇంటిపేరు మీద. రెండిటిలో ఏది మార్చాలి? భూమి రికార్డు మార్చడం అన్నిటికంటే కష్టం, దానిజోలికి చివరగా పోవాలి. బ్యాంకు పేరు మార్చడం అన్నిటికంటే తేలిక, దాంతో మొదలుపెట్టాలి. ఆధార్‌ను ఇరుసు అనుకుని మిగతావి దానికి సరిపెట్టుకుంటూ పోవాలి. పథకం జాబితాలో పేరు ఆధార్ ప్రకారం సరిచేసుకునే వీలు ఉంది. అక్షరం తేడాలు, ఇంటిపేరు ముందూ వెనకా కావడం లాంటివి ఇలా తీరిపోతాయి. ఆధార్‌లోనే తప్పు పడితే మాత్రం ముందు దాన్నే దిద్దాలి. ఒకేసారి అన్నీ మార్చమని నాలుగు చోట్ల నాలుగు దరఖాస్తులు పెట్టడం పెద్ద పొరపాటు. ఒకటి మారే లోపు ఇంకొకటి పాత పేరుతో తిరిగి వస్తుంది.

ఆధార్ నంబరు ఇంకొకరి భూమి ఖాతాకు ఎక్కడం కూడా జరుగుతుంది. ఒక అంకె తప్పు పడినా పట్టా వేరే మనిషికి ముడిపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు తీసి చూసుకుంటే ఆ ఖాతాలో ఏమున్నదో తెలుస్తుంది. తెలంగాణలో ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టల్ వచ్చింది, పట్టా వివరాలు ఇప్పుడు అందులో చూడాలి. ఈ రెండు రాష్ట్రాల్లోనూ రైతు రిజిస్ట్రీ పేరుతో ఆధార్‌ను భూమి వివరాలతో కలిపి రైతుకు 11 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రం, తెలంగాణలో ఏఈఓ దగ్గర అది చేయించుకోవాలి. రేపు మాపు పీఎం కిసాన్ పనులన్నిటికీ దాన్నే అడుగుతారు కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు.

తండ్రి పోయాక

ఇల్లు దుఃఖంలో ఉన్నప్పుడు పాసు పుస్తకం ఎవరికి గుర్తుంటుంది? ఏడాది గడిచాక, తండ్రి ఖాతాలో డబ్బు ఆగిపోయాక గుర్తొస్తుంది. ఈలోగా ఏటీఎం కార్డుతో తీసుకున్న విడతలు కూడా తిరిగి కట్టమనవచ్చు. చనిపోయినవారి పేరిట వచ్చే సాయం వారసులది కాదు. వారసుల పేరిట భూమి ఎక్కాకే వారికి వచ్చేది.

కావలసినవి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వారసుల ఆధార్‌లు, అందరి సంతకాలు. అన్నదమ్ములు ముగ్గురున్న చోట అసలు చిక్కు ఆఫీసులో కాదు, ఇంట్లో ఉంటుంది. పంపకం తేలలేదని విరాసత్ (వారసుల పేరిట భూమి ఎక్కించడం) ఆపుకుని కూర్చుంటే ముగ్గురికీ రాదు. తెలంగాణలో దీని వల్ల పోయేది ఎకరాకు 6,000 ఒక్కటే కాదు. 18 నుంచి 59 ఏళ్ళ వయసున్న పట్టాదారుకు రైతుబీమా కింద 5 లక్షల రక్షణ ఉంది. భూమి పేరిట ఎక్కని కొడుక్కి అది కూడా ఉండదు.

కౌలు రైతు

ఈ పథకాలన్నిటిలో బలహీనమైన చోటు ఇదే. చెమట ఒకరిది, పాసు పుస్తకం ఇంకొకరిది. పీఎం కిసాన్ భూమి ఉన్నవారికే. తెలంగాణలో రైతుబంధు రోజుల నుంచీ పాసు పుస్తకం ఉన్నవారికే డబ్బు పడుతోంది. 2023 ఎన్నికల్లో కౌలుదారులకూ ఇస్తామన్న హామీ వచ్చింది కానీ రైతు భరోసా మొదలైనప్పుడు డబ్బు పట్టాదారు ఖాతాలోకే వెళ్ళింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కుల కార్డు ఇస్తారు. దీన్నే సీసీఆర్‌సీ అంటారు. గడువు 11 నెలలు. భూమి యజమాని సంతకం కావాలి, అదే పెద్ద అడ్డు. కార్డు ఇస్తే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమాని భయం. కార్డు పంట మీదనే గాని భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని చట్టంలోనే ఉంది. ఆ మాట గ్రామ వ్యవసాయ సహాయకుడి చేత, వీఆర్వో చేత యజమాని ముందు చెప్పించడం మంచి పద్ధతి. కౌలుదారు నోటి నుంచి వస్తే అది అడుక్కోవడంలా ఉంటుంది, ఉద్యోగి నోటి నుంచి వస్తే నిబంధనలా వినిపిస్తుంది. యజమాని అప్పటికీ ఒప్పుకోకపోతే ఈ-పంట అనే పంట నమోదులో సాగు చేసేవారి పేరైనా నమోదు చేయించుకోవాలి. పంట నష్టం అంచనాకు, ధాన్యం అమ్ముకోవడానికి ఆ నమోదునే అడుగుతారు.

చేయకూడని పనులు

వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఫైలు నొక్కకూడదు. ఏపీకే అని చివర ఉన్న ఆ ఫైలు ఫోనులోకి దిగితే ఓటీపీలు దొంగ చేతికి వెళతాయి, ఖాతాలో ఉన్నది కూడా పోతుంది. ప్రభుత్వం డబ్బు వేయడానికి ఏ ఫైలూ పంపదు, ఏ పిన్నూ అడగదు. పదెకరాల భూమి దస్తావేజులు చదివి అర్థం చేసుకున్న పెద్దమనిషి కూడా ఒక చిన్న మెసేజ్ దగ్గర మోసపోతున్నాడు.

పని చేసిపెడతానని వెయ్యి అడిగే మధ్యవర్తికి బ్యాంకు పుస్తకం, ఆధార్ కలిపి ఇవ్వకూడదు. జిరాక్సు ఇవ్వాల్సి వస్తే దాని మీద దేని కోసం ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో అడ్డంగా రాసి ఇవ్వాలి.

అర్హత లేదని తెలిశాక డబ్బు తీసుకుంటూ ఉండకూడదు. ఉద్యోగం వచ్చిన కొడుకు, పన్ను కట్టడం మొదలుపెట్టిన వ్యాపారి తమంతట తామే వదులుకునే వీలు, తిరిగి కట్టే వీలు పీఎం కిసాన్ సైటులోనే ఉన్నాయి. నోటీసు వచ్చాక కట్టడం కంటే ముందే కట్టడం పరువు.

అర్జీ

అన్నీ సరిగ్గా ఉన్నా డబ్బు రాలేదంటే కాగితం రాయాల్సిందే. పీఎం కిసాన్‌కు 155261, ఆంధ్రప్రదేశ్ రైతు సేవా కేంద్రాలకు 155251 నంబర్లున్నాయి. ఫోను చేసినప్పుడు ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. రెండు రాష్ట్రాల్లోనూ సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక.

అర్జీ ఎలా ఉండాలి? రెండు పేజీల కష్టాల కథ ఎవరూ చదవరు. ఇలా ఐదు వరుసలు చాలు: ‘నా భూమి ఖాతా నంబరు ఇది, సర్వే నంబర్లు ఇవి. పీఎం కిసాన్ రిజిస్ట్రేషన్ నంబరు ఇది. ఫలానా విడత నుంచి డబ్బు రాలేదు. స్టేటస్‌లో భూమి వివరాలు కాదు అని చూపిస్తోంది, ప్రింటు జతచేశాను. భూమి వివరాలు ఎక్కించవలసిందిగా కోరుతున్నాను.’ చివరి వాక్యంలో ఏం చేయాలో ఉంటే అధికారికి ఎవరికి పంపాలో తెలుస్తుంది. న్యాయం చేయగలరు అని ముగిస్తే ఆ కాగితం బల్లల మధ్య తిరుగుతూ ఉంటుంది. రసీదు లేకుండా అర్జీ ఇవ్వకూడదు.

నెలలు గడిచినా కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ‘ఫలానా తేదీన ఇచ్చిన నా అర్జీ మీద ఏ తేదీన ఏ అధికారి ఏం చర్య తీసుకున్నారో తెలపండి’ అని తెల్ల కాగితం మీద రాస్తే చాలు. గ్రామ స్థాయి కార్యాలయంలో దీనికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పై కార్యాలయాల్లో 10. తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. జవాబు 30 రోజుల్లో రాతపూర్వకంగా రావాలి.